మనసు బరువెక్కినప్పుడు ఒంటి మాట వినండి

"నాకేం లేదు, బాగానే ఉన్నాను" అని నోటితో అనేసినా, దవడ బిగుసుకోవడం, గొంతులో ఏదో అడ్డుపడినట్లుండటం, పొట్టలో తిప్పడం వంటివి అసలు సంగతి ముందే చెబుతుంటాయి. నెల్లూరులో పెన్నా ఒడ్డునో, ఒంగోలులో మీ మిద్దె మీదనో సాయంత్రం పూట కాసేపు కూర్చొని, ఆ బిగువు ఎక్కడుందో గమనించి, అక్కడ అరచేయి ఆనించి, పీల్చినదానికంటే ఎక్కువసేపు, నెమ్మదిగా ఊపిరి వదలండి. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. ఏడుపు వస్తే, దయచేసి ఆపుకోకండి. కారణం వెతకవలసిన పని అప్పుడే లేదు. ఛాతీ నొప్పి చేతికీ దవడకూ పాకుతుంటే మాత్రం దాన్ని దిగులుగా భావించక వెంటనే 108కి ఫోన్ చేయండి. దిగులే వారాల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.