నురగ డబ్బాతో చలిగాలి సందులు మూయడం: నల్లగొండ, పాలమూరు నుంచి కొత్తగా అమెరికా వచ్చినవారికి

మన దిక్కు గోడకు పొక్క పడితే సిమెంటు కలిపి పెడతాం, చిన్నదైతే తెల్ల సిమెంటు, నల్లా పైపు దగ్గరైతే ఎం-సీల్. అమెరికా చలి రాష్ట్రాల్లో ఇల్లు కొన్న మొదటి ఏడాది చాలామంది అదే అలవాటుతో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి సిమెంటు వెతుకుతారు. ఇక్కడి గోడకు అది పనికిరాదు. లోపల చెక్క కంబాల చట్రం, ఈ పక్క అర అంగుళం జిప్సం పలక, ఆ పక్క పలుచని చెక్క రేకు, మధ్యలో డొల్ల. వేసవికీ చలికాలానికీ చెక్క కదులుతుంది, కదిలినప్పుడల్లా సిమెంటు నెర్రెలు విచ్చి ఊడిపోతుంది. ఇక్కడ ఆ సందుల కోసం అమ్మేది స్ప్రే ఫోమ్ డబ్బా. నొక్కితే నురగ వస్తుంది, సందులో ఉబ్బి గట్టిపడుతుంది, చెక్కనూ ఇటుకనూ పైపునూ ఒకేలా పట్టుకుంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. ఈ నురగ ఒకసారి గట్టిపడితే మళ్ళీ ఊడిరాదు, కోసి తీయాల్సిందే. యజమానిని అడగకుండా కొడితే డిపాజిట్‌లో కోత పడుతుంది. అపార్టుమెంటులో పక్కింటికీ మీకూ మధ్య గోడ నిప్పును ఆపేలా కట్టిన గోడ, దాని పొక్కల్లో మామూలు నురగ వేయకూడదు. పక్కింటి పోపు వాసన మీ సింకు కింది నుంచి వస్తున్నా, మీ ఇంగువ ఘాటు వాళ్ళ ఇంట్లోకి పోతున్నా, మెయింటెనెన్స్‌కు రాసి వాళ్ళచేతే మూయించండి. అద్దె ఇంటికి సరిపోయేవి వేరే ఉన్నాయి: తలుపు కింద బిగించే రబ్బరు పట్టీ, కిటికీ అద్దాల మీద అతికించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగదీసే పారదర్శక పొర, వేలితో ఒత్తి పెట్టి వేసవిలో లాగేసే తాడులాంటి కాల్క్ (సందులు మూసే మెత్తని ముద్ద).

గాలి ఎక్కడ నుంచి వస్తోంది

సొంతిల్లు అయితే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. అటకలోని సందుల గుండా అది బయటికి పోయిన కొద్దీ ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి చలిగాలి లోపలికి వస్తుంది. కట్టెల పొయ్యి మీది పొగగూడు ఎట్లా లాగుతుందో, ఇల్లంతా అట్లా లాగుతుంది. హీటరు ఆగకుండా నడుస్తున్నా కాళ్ళకు ఇగం పెడుతోందంటే కారణం ఇదే. అందుకే మొదట అటక, తర్వాత బేస్‌మెంట్, చివర కిటికీలు. చాలామంది కళ్ళ ముందున్న కిటికీతో మొదలుపెట్టి అక్కడే డబ్బా ఖాళీ చేస్తారు.

సందు కనుక్కోవడానికి ఊదుబత్తి చాలు. గాలి బాగా వీచే చలిరోజున కిటికీలు, తలుపులు అన్నీ మూసి, బాత్‌రూము ఫ్యాన్లూ వంటింటి పొగ లాగే ఫ్యానూ ఆన్ చేయండి. ఇంట్లో గాలి పీడనం తగ్గి బయటి గాలి ప్రతి సందులోంచీ లోపలికి దూసుకొస్తుంది. ఈ పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగించండి. గ్యాస్ వాటర్ హీటరో, ఫర్నేసో (ఇల్లంతా వేడిచేసే యంత్రం) ఉంటే పరీక్ష అయ్యేదాకా దాన్ని ఆపే ఉంచండి, లేకపోతే ఫ్యాన్ల లాగుడుకు దాని పొగ ఇంట్లోకి తిరుగుతుంది. ఊదుబత్తి పొగ ఎక్కడ పక్కకు వంగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. సింకు కింద పైపులు గోడలోకి పోయే చోటు, కేబుల్ తీగ లోపలికి వచ్చే పొక్క, బట్టలు ఆరబెట్టే యంత్రం వెనక గొట్టం చుట్టూ, తోట నల్లా గోడ దాటే చోటు, ఏసీ రాగి గొట్టాలు గోడ దాటే చోటు తప్పకుండా దొరుకుతాయి. గుర్తులు పెట్టడం ఒక రోజు, నురగ కొట్టడం ఇంకో రోజు. రెండూ కలపకండి, నురగను తోసే వాయువు మండుతుంది.

ఏ డబ్బా కొనాలి

దుకాణంలో గ్రేట్ స్టఫ్, లాక్‌టైట్ టైట్ ఫోమ్, టచ్ ఎన్ ఫోమ్ లాంటి పేర్లతో ఉంటాయి, ఎక్కువగా 12 నుంచి 20 ఔన్సుల డబ్బాలు. పేరు కంటే రకం ముఖ్యం. అంగుళం లోపు సందుకు మామూలు రకం, అంగుళం నుంచి మూడు అంగుళాల దాకా పెద్ద సందుల రకం. కిటికీ, తలుపు చౌకట్ల చుట్టూ మాత్రం 'విండో అండ్ డోర్' అని రాసిన తక్కువ ఒత్తిడి రకమే వాడాలి. మామూలు రకం ఉబ్బే జోరుకు చౌకట్టు లోపలికి వంగుతుంది, తర్వాత కిటికీ రెక్క జరగదు, తలుపు గొళ్ళెం పడదు. ఇది రోజూ జరిగే పొరపాటు, దిద్దాలంటే చౌకట్టు చుట్టూ నురగంతా కోసి తీయాలి. 'ఫైర్‌బ్లాక్' అని రాసినది నారింజ రంగులో వస్తుంది. కరెంటు తీగలూ పైపులూ ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు, గోడ నుంచి అటకకు పోయే పొక్కలకు అది. ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు చూడగానే గుర్తుపట్టాలనే ఆ రంగు. అది కూడా కాలుతుంది, కాకపోతే పొగా మంటా పైకి పాకడాన్ని కొంతసేపు ఆపుతుంది.

పావు అంగుళం కంటే సన్నని నెర్రెకు నురగ దండగ. గొట్టం లోపలికి దూరదు, పైన కుప్పలా కూర్చుంటుంది. అక్కడ ట్యూబులోంచి పిండి పూసే కాల్క్ వేయండి.

ఇల్లంతా చేయాలనుకుంటే నురగ తుపాకీ కొనుక్కోవడం మేలు. డబ్బా దాని మీద బిగించి, వెనక మరతో ధార సరిచేసి ట్రిగ్గరు నొక్కితే నురగ సన్నని గీతలాగా వస్తుంది, వదలగానే ఆగుతుంది. ప్లాస్టిక్ గొట్టం డబ్బాలో ఆ అదుపు ఉండదు, వదిలాక కూడా కారుతూనే ఉంటుంది. పని అయ్యాక డబ్బాను తుపాకీ నుంచి తీయకుండా అట్లాగే నిలబెట్టి ఉంచాలి. తీసేస్తే లోపల మిగిలిన నురగ గాలి తగిలి గట్టిపడి తుపాకీ పాడవుతుంది. డబ్బా అయిపోతే వెంటనే కొత్తది బిగించాలి, లేదా దాని కోసమే అమ్మే క్లీనర్ డబ్బాతో కడగాలి.

కొట్టే పద్ధతి

ఈ నురగ పాలీయూరథేన్. డబ్బాలోంచి వచ్చాక గాలిలోని తేమ తీసుకుని గట్టిపడుతుంది. దీన్ని మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నురగ ఆలస్యంగా గట్టిపడుతుంది. సందులో ముందు స్ప్రే సీసాతో నీళ్ళు సన్నగా చల్లండి, చెమ్మ తగిలితే చాలు, కారకూడదు. మూడు నాలుగు అంగుళాల లోతు సందును ఒకేసారి నింపితే పైన తోలు కట్టి లోపల తడిగానే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు లోపలిది కుంగి మళ్ళీ సందు పడుతుంది. అంగుళం మందాన ఒక పొర వేసి, అది గట్టిపడ్డాక చెమ్మ చల్లి ఇంకో పొర వేయాలి.

డబ్బా గది వేడిలో ఉండాలి, అంటే 60 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్. గ్యారేజీలో రాత్రంతా చలికి ఉన్న డబ్బా నురగ ఇవ్వదు, చిక్కని జిగురు ఇస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో కొంతసేపు ఉంచండి. పొయ్యి మీద, హీటరు ముందు ఎప్పుడూ పెట్టకండి. నురగ వేసే చోటు కూడా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉంటే మంచిది, అందుకే ఈ పనికి బతుకమ్మకూ దీపావళికీ మధ్య రోజులు అనువైనవి.

ముందు ఆ చోట దుమ్ము దులిపి, కింద పాత పేపర్లు పరచండి. నైట్రైల్ తొడుగులు, కళ్ళద్దాలు, పారేయడానికి సిద్ధమైన పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కిటికీలు తెరవండి, గ్యాస్ పొయ్యి, వాటర్ హీటరులో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఆపండి, నిప్పురవ్వ పుట్టకుండా స్విచ్చులతో పని పెట్టుకోకండి. నురగలో ఐసోసయనేట్ అనే పదార్థం ఉంటుంది, ఆస్తమా ఉన్నవారికి అది దగ్గును, ఆయాసాన్ని రేపుతుంది. అట్లాంటివారు ఆ రోజు ఇంట్లో లేకుండా చూడండి, పిల్లలను దూరంగా పంపండి.

డబ్బాను అర నిమిషం నుంచి నిమిషం దాకా గట్టిగా ఊపి, గొట్టం బిగించి, తలకిందులుగా పట్టుకోండి. గొట్టం కొస సందు లోతులో పెట్టి మెల్లగా నొక్కుతూ వెనక్కి లాగండి. నిలువు సందులో కింది నుంచి పైకి రండి. సందులో సగమే నింపండి. చేయి ఆగదు, చాలలేదేమో అనిపిస్తుంది, అయినా ఆగండి. పది నిమిషాల్లో అది ఉబ్బి సందు నిండుతుంది. తక్కువైతే రెండోసారి వేసుకోవచ్చు, ఎక్కువైతే కోయడమే దారి. పైకి ఉబ్బి వచ్చినదాన్ని తడిమీద వేలితో నొక్కకండి, బుడగలు విరిగి కుంగుతుంది, వేలికీ అంటుతుంది. గంట తర్వాత పళ్ళున్న బ్రెడ్డు కత్తితో గానీ హాక్సా బ్లేడుతో గానీ గోడకు సమంగా కోయండి. పూర్తిగా గట్టిపడడానికి 8 నుంచి 24 గంటలు.

చేతికి అంటితే నీళ్ళు వద్దు, తేమ తగిలితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. పొడిబట్టతో వెంటనే తుడిచి, వంటనూనె రాసి రుద్ది, ఆ తర్వాతే సబ్బుతో కడగండి. గట్టిపడిపోయాక ఏ నూనె పెట్టినా రాదు, చర్మం పై పొరతో పాటు కొన్ని రోజులకు రాలుతుంది. నేల మీద, గిన్నె మీద తడిగా పడినదాన్ని అసిటోన్ తీస్తుంది. కానీ అసిటోన్ వార్నిష్‌నూ కొన్ని ప్లాస్టిక్‌లనూ కరిగిస్తుంది, మూలలో చూసి వాడండి.

ఎక్కువ ఫలితం వచ్చే చోట్లు

బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చెక్క చట్రం కూర్చునే చోట, దూలాల మధ్య ఒక్కో గూడు ఉంటుంది. చలిగాలి ఎక్కువగా దూరేది అక్కడే. రెండు అంగుళాల మందం గట్టి ఫోమ్ పలక కొని, ఒక్కో గూటి కొలతకు ప్రతి వైపూ పావు అంగుళం తక్కువగా కోసి లోపల నిలబెట్టండి. చుట్టూ ఆ పావు అంగుళం సందులో నురగ గీత వేయండి. పలక చలిని ఆపుతుంది, నురగ గాలిని ఆపుతుంది. గూడంతా డబ్బా నురగతోనే నింపాలని చూస్తే ఖర్చు కొండెక్కుతుంది, లోపల సరిగా గట్టిపడదు కూడా.

అటకలో నడిచేటప్పుడు దూలాల మీదే అడుగు వేయాలి, మధ్యలో ఉన్నది కింది గది జిప్సం పైకప్పు, కాలు పెడితే కిందికి దిగుతుంది. పాత ఇంట్లో మెరిసే గులకల్లాంటి వర్మిక్యులైట్ పరిచి ఉంటే దాన్ని కదపకండి, అందులో ఆస్‌బెస్టస్ ఉండే అవకాశం ఉంది, ఆ పని నిపుణులకే వదలండి. మిగతా ఇళ్ళలో దూది లాంటి ఇన్సులేషన్ పక్కకు జరిపి, తీగలూ పైపులూ పైకి వచ్చే ప్రతి పొక్కలో ఫైర్‌బ్లాక్ రకం వేసి, మళ్ళీ కప్పండి.

ఎలకల పొక్కకు నురగ ఒక్కటే వేస్తే రాత్రికి రాత్రి కొరికేస్తాయి. చిట్టెలుక దూరడానికి పావు అంగుళం చాలు. ముందు రాగి జాలీ కుక్కి, దాని మీద నురగ వేయండి. గిన్నెలు తోమే మామూలు స్టీల్ పీచు తుప్పు పట్టి గోడ మీద మరక దించుతుంది.

ఎక్కడ వేయకూడదు

పొగగొట్టాలు, ఫర్నేసు, వాటర్ హీటరు వేడి గొట్టాల చుట్టూ వేయకూడదు. గట్టిపడిన నురగ 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కాలగలదు. అక్కడ రేకు కోసి బిగించి, అంచుల్లో అధిక వేడికి తట్టుకునే కాల్క్ వేస్తారు. పైకప్పులో దిగేసిన లైట్ల డబ్బాలు కూడా అంతే. స్విచ్ బోర్డు పెట్టె లోపల నింపకండి, తీగలు మళ్ళీ అందవు. ఇటుక గోడ కింద వరసలో అక్కడక్కడ సిమెంటు లేని నిలువు సందులు కనిపిస్తాయి, మేస్త్రీ మరిచిపోయాడనుకుని మూసేవాళ్ళున్నారు. గోడ వెనక చేరిన నీళ్ళు పోయే దారులు అవి. కిటికీ చట్రం అడుగున ఉండే చిన్న రంధ్రాలూ, చూరు కింద అటకకు గాలి పంపే చిల్లులూ అంతే, మూస్తే చెక్క కుళ్ళుతుంది. గ్యాస్ ఫర్నేసు గదికి గాలి తెచ్చే గొట్టం మూస్తే ప్రాణం మీదికి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇల్లు బిగుతైన కొద్దీ ప్రతి అంతస్తులో ఆ వాయువును పసిగట్టే అలారం ఉండితీరాలి. మూసిన గోడలోకి రంధ్రం చేసి డబ్బాలు ఖాళీ చేస్తే జిప్సం పలక ఉబ్బి పగులుతుంది.

బయటి వైపు వేసిన నురగకు ఎండ శత్రువు. పసుపు పచ్చగా, గోధుమరంగుగా మారి పొడి రాలుతుంది. కోసి చదును చేశాక పెయింటు తప్పదు.

పండుగలకు వేదిక మీద రాతిగుట్ట, నాగుల పంచమి పుట్ట లాంటివి చేయడానికి కూడా ఈ నురగ బాగుంటుంది. కోడి జాలీని వంచి ఆకారం చేసి, పలుచని పొరలుగా నురగ వేసి, కత్తితో చెక్కి, మట్టిరంగు వేస్తే దూరానికి నిజం పుట్టే. దాని దగ్గర నూనె దీపం, హారతి పెట్టకండి, బ్యాటరీ దీపాలే పెట్టండి.

మిగిలిన డబ్బాను నిలువుగా, 120 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు వేడిలో దాచండి, ఎండాకాలం కారు డిక్కీలో వదిలితే పేలుతుంది. సగం మిగిలినవి మామూలు చెత్తలో వేయకుండా మీ కౌంటీ ప్రమాదకర చెత్త సేకరణకు ఇవ్వండి.

ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసులో నురగ డబ్బా పెట్టుకోవద్దు, మండే ఏరోసోల్ కాబట్టి చెక్-ఇన్‌లోనూ చేతి సంచిలోనూ రెండింట్లోనూ ఒప్పుకోరు. హైదరాబాద్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పీయూ ఫోమ్ అని అడిగితే దొరుకుతుంది. మన ఇళ్ళలో అది పనికొచ్చేది ఏసీ గొట్టాల కోసం కొట్టిన పొక్కకు, యూపీవీసీ కిటికీకీ గోడకూ మధ్య సందుకు. చీమలు, బల్లులు దూరే దారి అదే. కోసి చదును చేసి పైన పుట్టీ, పెయింటు వేయించండి, నల్లగొండ ఎండకు వట్టి నురగ ఎక్కువ కాలం ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో పని పెట్టుకుంటే పొద్దున్నే ముగించి, డబ్బాను రేకుల షెడ్డులో కాకుండా ఇంటి లోపల చల్లని మూల ఉంచమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి.