ఆపరేషన్ రోజున రోగి చేయవలసినవి, చెప్పవలసినవి

మూడేళ్ల క్రితం పిత్తాశయంలో రాళ్లు చేరి నాకు లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే పొట్ట తెరవకుండా చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ, ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఉదయం ఎనిమిది గంటలకు థియేటర్‌లోకి వెళ్లవలసిన నేను మధ్యాహ్నం రెండింటి వరకు మంచం మీదే ఉండిపోయాను. తెల్లవారుజామున ఐదింటికి తాగిన అరగ్లాసు టీ అందుకు కారణం. ఏమీ తినవద్దన్నారు కనుక నేను తినలేదు, కానీ టీ కూడా తిండి కిందికే వస్తుందని నాకు తెలియదు. మత్తు డాక్టరు వచ్చి అడిగినప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాట దాచి ఉంటే ఎంత ప్రమాదమో ఆయన వివరించిన తర్వాతనే నాకు అర్థమైంది.

ఆపరేషన్ రోజున అంతా డాక్టర్ల చేతిలోనే ఉంటుందని, రోగి కళ్లు మూసుకుని పడుకుంటే చాలునని మనలో చాలామంది అనుకుంటాము. కోత, కుట్టు వారి పనే కానీ, మీ ఒంటి గురించి మీకు తప్ప ఇంకొకరికి తెలియని సంగతులు కొన్ని ఉంటాయి. వాటిని అడిగినప్పుడు దాచకుండా, అడగకపోయినా గుర్తుపెట్టుకుని చెప్పడం మీరు చేయవలసిన పని. ముందుగా తేదీ నిర్ణయించుకుని, పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే డాక్టరు మాటే పాటించండి.

కడుపు ఖాళీగా ఎందుకు ఉండాలి

మామూలుగా మన పొట్టలో ఉన్నది పైకి వచ్చినా దగ్గు రూపంలో శరీరం తనను తాను కాపాడుకుంటుంది. మత్తులో ఆ దగ్గు రాదు. పొట్టలోని ఆహారం, ఆమ్లం గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నూనె, మాంసం ఉన్న భోజనం తర్వాత ఎనిమిది గంటలు, ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం తర్వాత ఆరు గంటలు గడవాలని చెబుతారు. పాలు పొట్టలోకి వెళ్లాక విరిగి గడ్డకడతాయి కనుక పాలు, పాలు కలిపిన టీ కాఫీలు, మజ్జిగ, జావ, హార్లిక్స్ ఇవన్నీ ఆహారంతో సమానమే. తల్లిపాలు తాగే పసిపిల్లలకు నాలుగు గంటలు చాలు. మంచినీళ్లను మాత్రం పొట్ట త్వరగా కిందికి పంపేస్తుంది కాబట్టి, ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ లేనివారు మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు తాగవచ్చునన్నది ఇప్పుడు ప్రపంచమంతటా అంగీకరించిన పద్ధతి.

రాత్రి పది నుంచి చుక్క నీరు కూడా ముట్టవద్దని అందరికీ ఒకే మాట చెప్పి, మధ్యాహ్నం మూడింటికి గాని లోపలికి తీసుకువెళ్లని ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. పెద్దవయసువారు, పిల్లలు అంతసేపు నీళ్లు లేకపోతే నీరసించిపోతారు. అందువల్ల ముందురోజే రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి జవాబులు రాసుకోండి: ఆహారం ఎన్ని గంటలకు ఆపాలి, నీళ్లు ఎన్ని గంటల వరకు తాగవచ్చు. ఆపరేషన్ వేళ వెనక్కి జరిగితే నీళ్ల సంగతి మళ్లీ అడగండి. మధుమేహం ఉన్నవారిని, చిన్నపిల్లలను ఉదయం జాబితాలో మొదట పెట్టడానికి కారణం కూడా ఈ ఉపవాసాన్ని తగ్గించడమే. మంచి గంట చూసుకుని సాయంత్రానికి మార్చమని అడిగే కుటుంబాలు ఈ విషయం ఒక్కసారి ఆలోచించాలి.

మాత్రల విషయంలో సొంత నిర్ణయాలు పనికిరావు. బీపీ మాత్రల్లో కొన్నిటిని ఆ ఉదయం కూడా ఒక గుటక నీళ్లతో వేసుకోమంటారు, మరికొన్నిటిని ఆపమంటారు. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటివి ఉన్నట్టుండి మానేస్తే గుండె వేగం పెరిగి ఇబ్బంది అవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, ఎందుకంటే ఉపవాసంలో ఇవి రక్తంలో చక్కెర పెరగకుండానే ప్రమాదకరమైన ఆమ్లాలను పెంచగలవు. బరువు తగ్గడానికో, షుగరుకో వాడే సెమాగ్లుటైడ్ వంటి మందులు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి కనుక వాటి గురించి తప్పక చెప్పండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మాత్రలను, ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు, గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు, చెప్పకుండా కొనసాగించనూ కూడదు. పేర్లు గుర్తుండవు కాబట్టి, నాటు మందులు, ఆయుర్వేద చూర్ణాలతో సహా వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పాత రిపోర్టులు, ఆధార్, బీమా లేదా ఆరోగ్యశ్రీ కాగితాలు కూడా అందులోనే పెట్టుకోండి. ఆ పథకం కింద వచ్చినవారు ఉదయాన్నే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి అనుమతి వచ్చిందో లేదో తెలుసుకోవాలి.

ఒంటి మీద ఉండకూడనివి

ఆ ఉదయం సబ్బుతో శుభ్రంగా స్నానం చేయండి. ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలను ఇంట్లో రేజరుతో గీయవద్దు. కంటికి కనిపించని గాట్లు పడి, వాటిలోంచి సూక్ష్మజీవులు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో కత్తిరిస్తారు. గోళ్లకు రంగు, ముదురుగా పండిన గోరింటాకు ఉంటే వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపకపోవచ్చు కనుక ఆపరేషన్ ముందున్న వారాల్లో గోరింటాకు మానుకోవడం మేలు. కట్టుడు పళ్లు, కాంటాక్ట్ లెన్సులు, ముక్కుపుడక, మెట్టెలు, తాయెత్తు, మొలతాడు అన్నీ తీసి ఇంటివాళ్లకే అప్పగించండి.

పుస్తెలు తీయమన్నప్పుడు చాలామంది స్త్రీలకు, మరీ పెద్దవాళ్లకు, కళ్లనీళ్లు తిరుగుతాయి. ఆ బాధను తేలికగా తీసిపారేయకూడదు. అయితే ఆపరేషన్‌లో రక్తస్రావాన్ని ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటిని తాకుతున్న లోహం దగ్గర చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. మెడలోని గొలుసు మత్తు డాక్టరు పనికి కూడా అడ్డమవుతుంది. మా అమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ జరిగినప్పుడు ముందురోజు రాత్రే ఇంట్లో దేవుడి ముందు పుస్తెలు తీయించి, పసుపుకొమ్ము కట్టిన నూలుదారం వేశాము. సిస్టర్లు దానికి అభ్యంతరం చెప్పలేదు. థియేటర్ తలుపు దగ్గర హడావుడిగా తీయించడం కంటే ఇది ఎంతో నయం.

సంతకం పెట్టే ముందు

అమ్మ విషయంలో మేము చేసిన పొరపాటు మరొకటి ఉంది. అంగీకార పత్రాలు ఆమె స్ట్రెచర్ మీద ఉండగా వచ్చాయి. చదవడానికి కళ్లజోడు అప్పటికే తీసి ఇచ్చేసింది. చూపించిన చోట్లన్నిటా సంతకం పెట్టింది. ఇప్పుడైతే నేను అలా జరగనివ్వను. కాగితాలు ముందురోజే, తెలుగులో ఇమ్మని అడగండి, లేకపోతే ఒకరు చదివి చెప్పేవరకు ఆగండి. ఏ ఆపరేషన్, ఎందుకు, మరో మార్గం ఉందా, ఏ చిక్కులు రావచ్చు అన్నవి తెలుసుకోవడం రోగి హక్కు అని సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా తీర్పు చెప్పింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక మహిళకు, ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిలో ఉన్నప్పుడు తానే నిర్ణయించుకోగల మనిషి తరఫున ఇంకొకరు చేసిన సంతకం చెల్లదని కోర్టు తేల్చింది. లాప్రోస్కోపీ పత్రంలో, లోపల వీలుపడకపోతే పొట్ట తెరిచి ఆపరేషన్ చేస్తామన్న వాక్యం సాధారణంగా ఉంటుంది. దాన్ని ముందే చదివి ఉంటే, లేచి చూసుకున్నప్పుడు పెద్ద కుట్టు కనిపించినా మోసపోయామని అనిపించదు.

మత్తు డాక్టరు అడిగే ప్రశ్నల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. సిగరెట్, గుట్కా, మందు అలవాట్ల గురించి అత్తమామల ముందో పిల్లల ముందో అడిగితే లేదనేస్తారు. అలాంటప్పుడు మీవాళ్లను కాసేపు బయటికి పంపమని డాక్టరునే అడగండి, ఇందులో మర్యాద తప్పేమీ లేదు. రోజూ మద్యం తాగేవారికి మత్తు మోతాదు మారుతుంది, పొగతాగేవారి ఊపిరితిత్తులకు ఎక్కువ జాగ్రత్త అవసరమవుతుంది. రాత్రి పెద్దగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా, కదిలే పన్ను ఉందా, గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు వచ్చాయా, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు కష్టమైందా, గర్భం వచ్చి ఉండే అవకాశం ఉందా, ఈ వారంలో జలుబు, దగ్గు, జ్వరం వచ్చాయా అన్నవి వారు అడగకపోయినా చెప్పండి. జలుబుందని చెబితే వాయిదా వేస్తారేమోనని దాచేవాళ్లున్నారు. వాయిదా పడితే పోయేది కొంత కాలం మాత్రమే.

థియేటర్ లోపల

మీ పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని వార్డులో అడుగుతారు, థియేటర్ తలుపు దగ్గర అడుగుతారు, బల్ల మీద పడుకున్నాక మళ్లీ అడుగుతారు. ఇది చూసి వీళ్లకేమీ గుర్తుండదా అని కంగారు పడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఒక సరిచూసుకునే పట్టిక తయారుచేసింది. మత్తుకు ముందు ఒకసారి, కోతకు ముందు ఒకసారి, రోగి థియేటర్ దాటేముందు మరొకసారి అందరూ ఆగి సరిచూసుకోవాలన్నది దాని పద్ధతి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని అమలు చేసి చూసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. కాబట్టి ప్రతిసారీ పూర్తి పేరుతో మీరే జవాబు చెప్పండి. ఫలానా వారేనా అని అడిగితే ఊరికే తల ఊపకండి. కన్ను, మోకాలు, హెర్నియా వంటివాటికి వైపు ముఖ్యం కనుక, పెన్నుతో పెట్టిన గుర్తు సరైన వైపునే ఉందో లేదో మీరూ చూసుకోండి.

లోపల చల్లగా ఉంటుంది, దుప్పటి అడిగితే ఇస్తారు. ఛాతీ మీద ఈసీజీ బిళ్లలు, చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు పెడతారు. ఈ జాగ్రత్తల చరిత్రలో మన హైదరాబాదుకు ఒక చోటుంది. ఆ రోజుల్లో మత్తుకు వాడే క్లోరోఫాం ఇచ్చినప్పుడు ప్రాణాపాయం ఊపిరి ఆగడం వల్లనా, గుండె ఆగడం వల్లనా అన్న వివాదంపై 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఆదరణతో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ అక్కడ రెండు కమిషన్లు నడిపారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలునన్నారు ఆయన. గుండెకూ నేరుగా ప్రమాదం ఉందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇప్పుడు మీ ఊపిరినీ గుండెనూ రెండింటినీ, మీరు నిద్రపోయినంతసేపూ, ఒక డాక్టరు చూస్తూనే ఉంటారు.

ముక్కు, నోటి మీద మాస్క్ పెట్టి ఆక్సిజన్ పీల్చమంటారు. చేతి నరంలోకి పాలలా తెల్లగా ఉన్న మందు ఎక్కేటప్పుడు కొందరికి మండుతుంది. నాకు మోచేతి దాకా మండింది, పైకప్పు దీపాన్ని చూస్తూ ఉండగానే అంతా ఆగిపోయింది. గొంతులో గొట్టం వేసేది ఆ తర్వాతనే, మీకు తెలియదు. బొడ్డు కింది ఆపరేషన్లకు వెన్నులో సూది ఇస్తే మెలకువగానే ఉంటారు, తాకుతున్నది తెలుస్తుంది కానీ నొప్పి ఉండదు. నొప్పి తెలిస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి.

మెలకువ వచ్చాక

ఎవరో పేరు పెట్టి పిలుస్తుంటే కళ్లు తెరుస్తారు. వణుకు, వాంతి వచ్చినట్టుండడం, గొంతు గరగర మామూలే. లాప్రోస్కోపీ అయినవారికి పొట్టలో నొప్పి కంటే భుజంలో నొప్పి ఆశ్చర్యం కలిగిస్తుంది. పొట్టను ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న కండర పొరను రేపుతుంది, ఆ పొర నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇది గుండెపోటేమోనని నా భార్య ఆ రాత్రి సిస్టర్ గదికి పరుగెత్తింది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ భయం తప్పేది. అయినా ఛాతీలో బిగుతు, ఆయాసం ఉంటే మాత్రం సిస్టర్‌ను పిలవడమే సరైన పని. నొప్పిని సున్నా నుంచి పది వరకు ఎంతో చెప్పమన్నప్పుడు ఉన్నదే చెప్పండి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే కఫం పేరుకుంటుంది, కదలకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే డాక్టరు అనుమతిస్తే ఆ సాయంత్రమే ఒకరి చెయ్యి పట్టుకుని లేచి నాలుగు అడుగులు వేయండి. ఆరేడు గంటలైనా మూత్రం రాకపోతే సిగ్గుపడకుండా చెప్పండి.

డాక్టరు సరేననేవరకు పెదవులు తడపడం తప్ప కొబ్బరినీళ్లూ, కాఫీ ఎవరు తెచ్చినా వద్దనండి. చూడడానికి వచ్చే చుట్టాలను మర్నాటికి రమ్మనడానికి ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించండి. ఇరవై నాలుగు గంటలపాటు బండి నడపడం, ఆస్తి కాగితాల మీద సంతకాలు చేయడం కూడదు. ఇంటికి వెళ్లాక జ్వరం, కళ్లు పచ్చబడడం, తగ్గకుండా పెరుగుతున్న పొట్టనొప్పి, కుట్ల నుంచి చీము కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

రాళ్లను డబ్బాలో వేసి మనవాళ్లకు చూపిస్తారు, కానీ తీసిన పిత్తాశయాన్ని ల్యాబుకు పంపారా అని అడగడం చాలామందికి తోచదు. అరుదుగానైనా అందులో క్యాన్సర్ బయటపడుతుంది. ఆ బయాప్సీ రిపోర్టు కొన్ని రోజుల తర్వాత, మీరు ఇంటికి వెళ్లిపోయాక వస్తుంది. అది ఏ రోజు, ఏ కౌంటరులో ఇస్తారో, దాన్ని ఏ డాక్టరుకు చూపించాలో ఆసుపత్రి దాటకముందే అడిగి రాసుకోండి.