తడి సరుకు కవరు లేకుండా ఇంటికి చేరాలంటే

గుడ్డ సంచి పట్టుకెళ్ళినా కవర్లు ఇంటికి వస్తూనే ఉంటాయి. వంకాయలు, దొండకాయలు సంచిలో పడతాయి గానీ చేపలు, పెరుగు, హోటల్ సాంబారు కవర్లోకే వెళ్తాయి. శ్రీకాకుళంలో నాగావళి గట్టున పారేసిన కవరు వరదకి కొట్టుకుపోతే చేరేది కల్లేపల్లి దగ్గర సముద్రంలోకే. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, నీళ్ళలో తేలే కవర్ని జెల్లీఫిష్ అనుకుని మింగేస్తాయి. కాబట్టి మొదట తడి సరుకు సంగతే చూడాలి.

చేపలకి మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా కావాలి. కిలో ముక్కలకి రెండు లీటర్లది తీసుకోండి. చిన్నదైతే తలకాయ పట్టక మళ్ళీ కవరు అడగాల్సి వస్తుంది. ఎలక్ట్రానిక్ కాటా అయితే ఖాళీ డబ్బా పెట్టి, సున్నా చేయించి, అప్పుడు చేపలు వేయించుకోవాలి. తక్కెడ అయితే చేపలు తూచాకే డబ్బాలోకి. ఈ మాట బేరానికి ముందే చెప్పాలి: "కవరొద్దమ్మా, డబ్బా తెచ్చాను." ఆదివారం పొద్దున్న రద్దీలో అమ్మే ఆమె చెయ్యి అలవాటుగా కవరు మీదకే పోతుంది. ఒకసారి అందులో వేశాక డబ్బాలోకి మార్చుకున్నా ఆ కవరు చెత్తే. ఇంటికొచ్చాక డబ్బాని ముందు చన్నీళ్ళతో కడగండి. వేణ్ణీళ్ళు పోస్తే చేప జిగురు ఉడికి గిన్నెకి అంటుకుంటుంది, వాసన వదలదు. తర్వాత చింతపండు పిప్పితో తోమి, మూత తీసి ఎండలో పెట్టాలి.

సాంబారుకి క్యారియరు మేలు. ముప్పావు వంతే పోయించుకుని, రెండు నిమిషాలు ఆవిరి పోయాక మూత పెట్టాలి. పొగలు కక్కుతుండగానే బిగిస్తే చల్లారేసరికి మూత లోపలికి పట్టేస్తుంది. అప్పుడు గిన్నెని కాసేపు వేణ్ణీళ్ళలో ఉంచితే వదులవుతుంది. బుడితి ఇత్తడి గిన్నెలు ఎంత ముచ్చటగా ఉన్నా, లోపల కళాయి లేకపోతే పెరుగు, సాంబారు, పులుసు పోయకూడదు. పులుపు లోహాన్ని తింటుంది.

పాలప్యాకెట్ మానలేకపోతే మూల పూర్తిగా కత్తిరించొద్దు. చిన్న గాటు పెట్టి, ఆ ముక్కని ప్యాకెట్‌కే అంటుకుని ఉండనివ్వండి. తెగిన ముక్కని ఎవరూ ఏరలేరు, అది నేరుగా కాలువలోకే పోతుంది. ఖాళీ ప్యాకెట్ కడిగి ఆరబెడితే పాతసామాన్లవాళ్ళు తీసుకుంటారు. షాంపూ, చిప్స్ ప్యాకెట్లు రకరకాల పొరలు అంటించినవి కాబట్టి వాళ్ళూ ముట్టరు. అవి కొనకపోవడమే దారి.

ఇక సంచి. పాత నూలు దుప్పటిలో 45 సెంటీమీటర్ల వెడల్పు, 100 సెంటీమీటర్ల పొడవు ముక్క తీసుకుని సగానికి మడవాలి. మడతే అడుగు అవుతుంది కనుక కింద కుట్టు ఉండదు, పిగిలే భయమూ లేదు. పక్కలు రెండు వరసలు కుట్టండి. పిడికి 60 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని నాలుగు మడతలు వేయాలి. పిడి చివరలు సంచి అంచు నుంచి 5 సెంటీమీటర్లు కిందికి దింపి, చతురస్రంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేయాలి. అంచు మీదే కుడితే ఐదు కిలోల బియ్యానికే ఊడొస్తుంది. దుకాణాల్లో గుడ్డసంచిలా కనిపించే రంగురంగుల సంచుల్లో చాలావాటికి పడుగూ పేకా ఉండవు, అవీ ప్లాస్టిక్కే. 120 మైక్రాన్లకంటే పలచని క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం.

శుభకార్యాల్లో ఒక్క పూటకే బస్తాల కొద్దీ ప్లాస్టిక్ పోగవుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి గానీ, వాటి చోటికి వచ్చిన పేపరు కప్పుల్లోనూ పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కప్పుని బాగా నానబెట్టి చింపి చూడండి, కాగితం మెత్తబడి పొర విడిగా ఊడొస్తుంది. సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు పుల్లలతో కుట్టినవే అడగండి. మిషన్లో నొక్కిన వాటిని వెనక్కి తిప్పి గోటితో గీరి చూడాలి, కొన్నిటికి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. అవి పశువులకీ వెయ్యకూడదు, పెంటకుప్పలోనూ కుళ్ళవు. ఎండిన విస్తరి వడ్డించేటప్పుడు చిట్లుతుంది కాబట్టి గంట ముందు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పి ఉంచండి. వంద మందికి నూటయాభై స్టీలు గ్లాసులు అద్దెకి తెచ్చుకుంటే చాలు. వంటవాళ్ళని మాట్లాడేటప్పుడే గ్లాసులు కడిగే మనిషినీ మాట్లాడుకోండి. అది మరిచిపోతే రెండో బంతికే నీళ్ళ ప్యాకెట్ల మూట విప్పుతారు.