ఎస్ఏపీ పీఓ నుంచి కొత్త ఇంటిగ్రేషన్‌కి మారడం: వరుసగా ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది

అప్లికేషన్ల మధ్య సందేశాలను చేరవేసే ఎస్ఏపీ ప్రాసెస్ ఆర్కెస్ట్రేషన్ (పీఓ) 7.5కు మామూలు మెయింటెనెన్స్ 2027 ఆఖరుకు అయిపోతుంది. అదనంగా డబ్బు కడితే 2030 ఆఖరు దాకా లాగవచ్చు. ఎస్ఏపీ పాత ఈఆర్‌పీ (కంపెనీ ఆర్డర్లు, లెక్కలు నడిచే సిస్టమ్) అయిన ఈసీసీకి ఉన్న గడువు కూడా దాదాపు ఇదే కాబట్టి చాలా కంపెనీలు పీఓ నుంచి క్లౌడ్‌లోని ఎస్ఏపీ ఇంటిగ్రేషన్ సూట్‌కు, ఈసీసీ నుంచి దాని తర్వాతి తరం ఎస్/4హానాకు మారే రెండు పనులూ ఒకేసారి మొదలుపెడుతున్నాయి. అలా చేయొద్దు. ముందు ఇంటర్‌ఫేస్‌లను (రెండు అప్లికేషన్ల మధ్య డేటా దారులను) మార్చి, అవి కుదురుకున్నాక ఎస్/4హానాకు వెళ్లండి. రెండూ కలిపితే, పోస్ట్ కాని ఆర్డర్‌కు కారణం మధ్యలో ఉన్న మ్యాపింగా (డేటాను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే నియమాలా), అవతల మారిన టేబులా అన్నది తేల్చడానికే రోజులు పడుతుంది.

అసలు ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో తెలిస్తే తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి. 2003లో ఎంటర్‌ప్రైజ్ సర్వీసెస్ ఆర్కిటెక్చర్ అని ప్రకటించిన ఎస్ఏపీ, ఆ సర్వీసుల నిర్వచనాలన్నిటినీ తన రిపాజిటరీలోనే పెట్టించింది. అనుసంధాన టూల్స్ విషయంలో మిగతావాళ్లదీ ఇదే దారి: ఒరాకిల్ 2008లో బీఈఏను, సేల్స్‌ఫోర్స్ 2018లో మ్యూల్‌సాఫ్ట్‌ను కొన్నాయి. సాఫ్ట్‌వేర్ ఏజీ చేతిలోని వెబ్‌మెథడ్స్ 2024లో ఐబీఎమ్‌కు వెళ్లింది. అప్లికేషన్ల మధ్య దారి ఎవరి చేతిలో ఉంటే కస్టమర్ తర్వాత ఏం కొనాలో చెప్పేది వాళ్లే. అందుకే సందేశం రూపం, మ్యాపింగ్ నియమాలు, రీట్రై పద్ధతి అనే మూడింటినీ విక్రేత టూల్ బయట, మీ చేతిలో ఉంచుకోండి. కింద చెప్పే పద్ధతంతా ఈ మాట మీదే నిలబడుతుంది.

లెక్క తీయడం

పీఓ సెట్టింగ్‌లుండే ఇంటిగ్రేషన్ డైరెక్టరీలో కనిపించేవన్నీ నడుస్తున్న ఇంటర్‌ఫేస్‌లు కావు. ఏళ్ల కిందట ఆగిపోయినవీ అందులోనే ఉంటాయి. నిజం తెలియాలంటే ఈసీసీలో ఈడీఐడీసీ టేబుల్‌ను (ప్రతి ఐడాక్‌కు, అంటే ఎస్ఏపీ సొంత రూపంలోని సందేశానికి, ఇందులో ఒక వరుస ఉంటుంది) మెసేజ్ టైప్, పార్ట్‌నర్, నెల వారీగా లెక్కకట్టండి. కనీసం 13 నెలలు చూడాలి. ఆర్థిక సంవత్సరం ముగింపులో ఒక్కసారే నడిచే ఇంటర్‌ఫేస్ ఆరు నెలల డేటాలో కనబడకుండా పోతుంది. పాత ఐడాక్‌లు ఆర్కైవ్ అయి ఉంటే అక్కడి నుంచి కూడా తీయండి. ఐడాక్ కాని ప్రాక్సీలు, ఫైల్, జేడీబీసీ (డేటాబేస్), సోప్ (వెబ్ సర్వీస్) ఛానళ్ల లెక్క పీఓ మానిటరింగ్‌లోనే దొరుకుతుంది.

ప్రతి ఇంటర్‌ఫేస్‌కు రోజులో గరిష్ఠ సంఖ్య, అతిపెద్ద సందేశం సైజు, వరుసక్రమం తప్పకూడదా, ఆగిపోతే ఎన్ని గంటల్లో వ్యాపారానికి నష్టం, దాని బాధ్యత ఏ డిపార్ట్‌మెంటుది అన్నవి రాయండి. యజమాని దొరకని ఇంటర్‌ఫేస్‌ను కొత్త చోటికి మోయొద్దు. ముందస్తుగా అందరికీ చెప్పి రెండు వారాలు ఆపి చూడండి.

ఇంటిగ్రేషన్ సూట్‌లోని మైగ్రేషన్ అసెస్‌మెంట్ ప్రతి ఇంటర్‌ఫేస్‌ను మూడు వర్గాల్లో పెడుతుంది: నేరుగా మార్చగలిగేది, సర్దుబాటు కావాల్సింది, పరిశీలించాల్సింది. అది అడాప్టర్‌లను, సెట్టింగ్‌లను బాగానే పట్టుకుంటుంది. మెసేజ్ మ్యాపింగ్ లోపల రాసిన యూజర్ డిఫైన్డ్ ఫంక్షన్లలో (సొంత కోడ్‌లో) దాగిన వ్యాపార నియమాలకు అర్థం మాత్రం చెప్పలేదు. "ఈ ప్లాంట్ అయితే ఆ స్టోరేజ్ లొకేషన్" లాంటివి అక్కడే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా మనిషి చదివి, టేబుల్‌గా రాసి, వెర్షన్ కంట్రోల్‌లో పెట్టాలి. కష్టమైన మ్యాపింగ్‌ను కొత్తగా రాస్తుంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో (ఏ విక్రేతకూ చెందని ప్రామాణిక భాషలో) రాయండి, రేపు ఇంకో టూల్‌కు వెళ్లినా పనికొస్తుంది.

లైసెన్స్‌ను ముందే తేల్చుకోండి

ఆఖర్లో చూద్దాంలే అనుకునేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. బ్రిటన్‌లో మద్యం కంపెనీ డియాజియో తన సేల్స్‌ఫోర్స్ అప్లికేషన్లను పీఓకు ముందు రూపమైన ఎస్ఏపీ పీఐ ద్వారా ఎస్ఏపీకి కలిపింది. పీఐకి డబ్బు కట్టాం కాబట్టి అది చాలన్నది వాళ్ల వాదన. 2017 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ కేసులో ఎస్ఏపీ అడిగింది 5.4 కోట్ల పౌండ్లకు పైగా. మధ్యలో ఉండే టూల్‌కు లైసెన్స్ ఉన్నంత మాత్రాన దాని వెనకున్న ఈఆర్‌పీని వాడే హక్కు వచ్చేయదు.

ఆ తర్వాత 2018లో ఎస్ఏపీ డిజిటల్ యాక్సెస్ అనే లైసెన్స్ పద్ధతి తెచ్చింది. బయటి అప్లికేషన్ వల్ల పుట్టే తొమ్మిది రకాల డాక్యుమెంట్లను లెక్కిస్తారు. డేటాను చదవడం మాత్రం లెక్కలోకి రాదు. సేల్స్ డాక్యుమెంట్‌ను లైన్ ఐటెమ్ వారీగా లెక్కపెడతారు, మెటీరియల్, ఫైనాన్షియల్ డాక్యుమెంట్లకు 0.2 వంతే పడుతుంది. వెబ్‌సైట్ నుంచి రోజుకు 2,000 ఆర్డర్లు, ఒక్కోదానిలో సగటున 5 లైన్లు వస్తే రోజుకు 10,000, ఏడాదికి 300 పనిదినాలకు 30 లక్షలు. ఈ లెక్క కట్టాకే ఒప్పందం గురించి మాట్లాడండి. క్లౌడ్ టూల్‌లో సందేశాల లెక్క వేరే నడుస్తుంది. ఎన్ని కేబీలను ఒక సందేశంగా లెక్కిస్తారో ఒప్పందంలో వెతకండి, పెద్ద ఫైల్ అక్కడ అనేక సందేశాలవుతుంది.

ఒక ఆర్డర్ ఇంటర్‌ఫేస్‌ను దగ్గరగా చూస్తే

బయటి సైట్ నుంచి ఆర్డర్స్05 రకం ఐడాక్‌గా ఆర్డర్ ఎస్ఏపీలోకి వస్తుంది అనుకుందాం. ముందుగా టైమ్‌అవుట్‌లు. పిలిచేవాడి గడువు అన్నిటికంటే ఎక్కువ ఉండాలి: సైట్ 90 సెకన్లు, మధ్య లేయర్ 75, ఎస్ఏపీ వైపు 60. ఇది తిరగబడితే ఎస్ఏపీ ఆర్డర్ చేసేస్తుంది, సైట్ ఫెయిలైందనుకుని మళ్లీ పంపుతుంది, కస్టమర్‌కు సరుకు రెండుసార్లు వెళ్తుంది. అందుకే సైట్ ఆర్డర్ నంబర్‌ను కస్టమర్ పర్చేజ్ ఆర్డర్ నంబర్‌గా పంపించి, వీఈడీఏ0001 ఎన్‌హాన్స్‌మెంట్‌లో (వచ్చే ఆర్డర్ల మీద సొంత కోడ్ రాసుకునే చోట) అదే కస్టమర్‌కు అదే నంబర్ ఇప్పటికే ఉందేమో చూడండి. మధ్య లేయర్ డూప్లికేట్లను ఆపుతుందని నమ్మి దీన్ని వదిలేయొద్దు. రేపు లేయర్ మారినా ఈ చెక్ ఉంటుంది.

పార్ట్‌నర్ల సెట్టింగ్‌లుండే డబ్ల్యూఈ20 స్క్రీన్‌లో ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చే) పారామీటర్‌ను వెంటనే ప్రాసెస్ అయ్యేలా పెడితే పండగ అమ్మకాల రోజు యూజర్ల స్క్రీన్లను నడిపే డైలాగ్ వర్క్ ప్రాసెస్‌లన్నీ ఐడాక్‌లే మింగేస్తాయి, లోపల పనిచేసేవాళ్ల స్క్రీన్లు కదలవు. బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్ ఆప్షన్ పెట్టండి. ఐడాక్‌లు 64 (ప్రాసెస్‌కు సిద్ధం) స్థితిలో ఆగుతాయి, వాటిని పోస్ట్ చేసే ఆర్‌బీడీఏపీపీ01 ప్రోగ్రామ్‌ను 5 నిమిషాలకోసారి నడపండి.

51 (పోస్ట్ కాలేదు) స్థితికి పడ్డవాటిని బీడీ87 స్క్రీన్‌లో మళ్లీ నడపవచ్చు. ప్రమాదం ఎక్కడంటే, సేల్స్ వాళ్లు అప్పటికే ఆ ఆర్డర్‌ను చేత్తో ఎంట్రీ చేసి ఉంటారు. అలాంటి ఐడాక్‌ను 68 (ఇక ప్రాసెస్ చేయొద్దు) స్థితికి మార్చి మూసేయాలి. ఈ నియమాన్ని సపోర్ట్ టీమ్‌కు రాసివ్వండి, నోటిమాటగా చెబితే మూడో నెలకు ఎవరికీ గుర్తుండదు.

రీట్రైలు 1, 5, 15 నిమిషాలకు మూడుసార్లు చాలు. ఆ తర్వాత మనిషి చూసే వరుసలోకి వెళ్లాలి. తప్పు డేటాతో వచ్చిన ఆర్డర్‌ను వందసార్లు పంపినా పోస్ట్ కాదు.

మార్పిడి రోజు

అవుట్‌బౌండ్ (బయటికి వెళ్లే) ఐడాక్‌లకు ఒక మంచి వెసులుబాటు ఉంది. డబ్ల్యూఈ20లో ఒక్కో పార్ట్‌నర్‌కు, ఒక్కో మెసేజ్ టైప్‌కు రిసీవర్ పోర్ట్ (ఐడాక్ ఏ దారిలో వెళ్లాలో చెప్పేది) విడిగా ఉంటుంది. అంతా ఒకే రాత్రి మార్చనక్కర్లేదు. చిన్న పార్ట్‌నర్ ఒకరిని ముందు మార్చి వారం గమనించండి. వెనక్కి రావాలన్నా అదే ఫీల్డ్‌లో పాత పోర్ట్ పెడితే చాలు.

కొత్త పోర్ట్‌ను డబ్ల్యూఈ21లో ఎక్స్‌ఎమ్‌ఎల్ హెచ్‌టీటీపీ రకంగా చేసి, సోప్ ప్రొటోకాల్ టిక్ పెట్టాలి. ఎస్ఎం59లో టైప్ జీ డెస్టినేషన్ (అవతలి చిరునామా), సర్టిఫికెట్లుండే స్ట్రస్ట్‌లో క్లౌడ్ వైపు సర్టిఫికెట్ కావాలి. అక్కడ సర్వర్ సర్టిఫికెట్‌ను కాకుండా దాని రూట్‌ను ఇంపోర్ట్ చేయండి. లేదంటే సర్వర్ సర్టిఫికెట్ మారినప్పుడల్లా అన్ని ఇంటర్‌ఫేస్‌లూ ఒకేసారి ఆగిపోవడం చాలాచోట్ల జరిగేదే. కారణం ఎస్ఎంఐసీఎం ట్రేస్‌లో (వెబ్ కనెక్షన్ల లాగ్‌లో) కనిపిస్తుంది.

పోర్ట్ మార్చే ముందు పాత దారి ఖాళీ చేయాలి. 30 (పంపడానికి సిద్ధం) స్థితిలో ఐడాక్‌లు ఉంటే ఆర్‌ఎస్‌ఈఓయూటీ00 ప్రోగ్రామ్‌తో పంపించి, దారిలో ఇరుక్కున్నవి కనిపించే ఎస్ఎం58 ఖాళీ అయిందో లేదో చూడండి. 03 స్థితి కనబడగానే వెళ్లిపోయిందని అనుకోవద్దు. అది పోర్ట్‌కు అప్పగించానన్న మాటే, అవతల చేరిందని కాదు. ఎస్ఎం58లో ఇరుక్కున్న ఐడాక్ కూడా 03గానే కనిపిస్తుంది. పాతవి ఇరుక్కుని ఉండగా కొత్తవి వేరే దారిలో వెళ్తే మెటీరియల్ మాస్టర్ కంటే దాని ఆర్డర్ ముందు చేరుతుంది.

పరీక్షలో రెండు దారుల అవుట్‌పుట్‌ను ఫైల్‌గా పక్కపక్కన పెట్టి పోల్చండి, ఒకే సందేశాన్ని రెండు దారుల్లో పోస్ట్ చేయొద్దు. తేడాలు ఎక్కువగా మూడు చోట్ల వస్తాయి: కస్టమర్ నంబర్ ముందుండే సున్నాలు, యూనిట్ కోడ్‌లు, దశాంశ స్థానాలు. ఎస్/4లో మెటీరియల్ నంబర్ 18 నుంచి 40 అక్షరాలకు పెంచగలరు కాబట్టి, 18 దగ్గర కోసేసే మ్యాపింగ్‌లను ఇప్పుడే వెతికి సరిచేయండి.

చివరి పార్ట్‌నర్ మారాక కూడా పీఓ సర్వర్‌ను ఒక నెలాఖరు, ఒక త్రైమాసికం దాటేదాకా ఆన్‌లోనే ఉంచండి. ఛానళ్లన్నీ ఆపేసి ఉంచితే, నేరుగా పీఓను పిలిచే దేన్నైనా మరిచిపోయి ఉంటే ఆ పంపేవాళ్లకు ఎర్రర్ వస్తుంది, వాళ్లే మీకు ఫోన్ చేస్తారు.