ఫ్యామిలీ కారా, ఉత్త స్పోర్ట్ బ్యాడ్జీనా? కొనేముందు తేల్చుకోండిలా

కంపెనీలు ఇంటిల్లిపాదీ ఎక్కే కార్ల మీద దృష్టి పెట్టాలా, స్పీడు కార్ల మీదా అన్న వాదనలో మా ఓటు మొదటివాటికే. 911 అనే స్పోర్ట్స్ కారుతో పేరు తెచ్చుకున్న పోర్షే కూడా 2002లో ఇంటిల్లిపాదీ ఎక్కే కయెన్ ఎస్‌యూవీ తీసుకొచ్చింది. అలాగని అసలైన స్పోర్ట్స్ కారుతో పేచీ ఏమీ లేదు. మామూలు ఫ్యామిలీ కారుకే పెద్ద చక్రాలు, గట్టి సస్పెన్షన్ తగిలించి 'స్పోర్ట్' అని అమ్మడంతోనే చిక్కంతా. దాన్ని షోరూంలోనే పట్టేయొచ్చు.

ముందు టైరు దగ్గర వంగి చూడండి. 215/65 ఆర్16 అని ఉంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, లోపలి రిమ్ 16 అంగుళాలు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వెడల్పులో 65 శాతం, అంటే దాదాపు 140 మిల్లీమీటర్లు. పై వేరియంట్‌కు 215/55 ఆర్18 వేస్తే అది 118కి దిగుతుంది. చక్రం మొత్తం ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది. తగ్గేది గుంత దెబ్బను మింగే గాలి, రబ్బరు. గట్టి దెబ్బ తగిలితే రిమ్ అంచుకీ రోడ్డుకీ మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగుతాయి, సైడ్‌వాల్ బుడిపెలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే. రెండు వేరియంట్లలోనూ ఇంజిన్ ఒకటే అయితే చిన్న చక్రాలదే తీసుకోండి.

తర్వాత బరువు లెక్క. దీన్ని చాలామంది చూడరు. గ్రాస్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి కారు ఉండదగ్గ గరిష్ఠ బరువు) లోంచి కర్బ్ వెయిట్ (ఖాళీ కారు బరువు) తీసేయండి. ఉదాహరణకు 1,700లో 1,270 పోతే 430 కిలోలు. 70 కిలోల చొప్పున ఐదుగురికి 350 పోను, సామానుకు మిగిలేది 80. పైన క్యారియర్ బిగిస్తే దాని బరువూ ఇందులోంచే. కొన్ని కంపెనీలు కర్బ్ వెయిట్‌లోనే డ్రైవర్‌కు 75 కిలోలు కలిపేస్తాయి, అడిగి తెలుసుకోండి. నిండు లోడుకు టైర్లలో గాలి ఎంతుండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద విడిగా రాసి ఉంటుంది. మామూలు గాలితోనే లాగిస్తే టైర్లు వేడెక్కి, అంచులు ముందే అరుగుతాయి.

డిక్కీ లీటర్ల అంకెను పెద్దగా నమ్మకండి. కొందరు డిక్కీ అడుగున ఉండే అరను కూడా కలిపి చెబుతారు. మీ పెద్ద సూట్‌కేసు, ఉంటే పిల్లల బండి తీసుకెళ్లి పెట్టి చూడండి.

డ్రైవర్ సీటు మీకు సరిపడా జరిపి, దాని వెనకే కూర్చోండి. తొడ కింద సీటు ఆనకపోతే గంట ప్రయాణానికే కాళ్లు లాగుతాయి. చైల్డ్ సీటును కారు సీటుకు బిగించే ఐసోఫిక్స్ కడ్డీలు 280 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. అవి ఉన్నాయన్న మాటతో సరిపెట్టుకోక చైల్డ్ సీటు బిగించి చూడండి. బిడ్డ వెనక్కి తిరిగి కూర్చునే సీటైతే ముందు సీటును ఎంత జరపాల్సి వస్తోందో అప్పుడే తెలుస్తుంది. అలాంటి చైల్డ్ సీటును ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో మాత్రం పెట్టకూడదు.

టెస్ట్ డ్రైవ్‌కు నలుగురు ఎక్కండి, ఏసీ వేయండి. సేల్స్‌మన్ సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెబుతాడు. ఓవర్‌టేక్‌కు అక్కరకొచ్చేది 40 నుంచి 80, అది చూడండి. తిరుగు దారిలో స్టీరింగ్ ఇంకొకరికిచ్చి మీరు వెనక కూర్చోండి. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒక్కసారి ఊగి ఆగాలి. ఇంకా ఊగుతుంటే డ్యాంపింగ్ (ఊపును అణచడం) చాలడం లేదు. ఊపే లేకుండా నడుముకు ఠక్కున తగిలితే అది స్పోర్ట్ సస్పెన్షన్ పనే. కిటికీ అంచు ఎత్తుగా ఉందేమో కూడా చూడండి. బయటి రోడ్డు కనబడని పిల్లలకే వాంతులు ఎక్కువ.