ఆర్సీ మీ పేరుకి రాకముందు బోల్టు విప్పొద్దు

పోయిన నెల మా వీధి మలుపులో ఒక పెద్దాయనకి మోటారుసైకిల్ తగిలింది. పొద్దున్నే పాల ప్యాకెట్లకి వెళ్తున్న మనిషి. తుంటి ఎముక విరిగింది. గుద్దిన కుర్రాడు పారిపోలేదు, తనే ఆటో పిలిచి ఆసుపత్రిలో చేర్పించాడు. మంచి పిల్లవాడే. అయితే ఆ బండి అతని పేరు మీద లేదు. నంబరు పట్టుకుని వెతికితే తేలిన ఓనరు రిటైరైన ఒక మాస్టారు. ఆయన దాన్ని అమ్మి పదమూడేళ్లయింది. మధ్యలో ఇద్దరు కొన్నారు, ఇద్దరూ పేరు మార్చుకోలేదు. మనవాడు మూడోవాడు. ఇన్సూరెన్స్ ఎప్పుడో పోయింది.

ఎనిమిది నెలలు కూర్చుని చేసుకున్న బండి అది. సైలెన్సర్‌కి కొత్త క్రోమ్, ట్యాంకుకి చేత్తో గీయించిన గీతలు. ఇప్పుడు స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండుతోంది. కుర్రాడి మీద కేసు, సంబంధం లేని మాస్టారికి నోటీసు, పెద్దాయన కొడుకులు ఆసుపత్రి బిల్లు పట్టుకుని తిరుగుతున్నారు.

ఇది రాయడానికి కారణం అదొక్కటే కాదు. వేసవి సెలవులకి ముందు మా షెడ్డుకి ఏటా నలుగురైదుగురు వస్తారు. "అన్నా, ఓ పాత బండి చూశాను, పాతిక వేలకే ఇస్తానంటున్నాడు, మనమే బాగు చేసుకుందాం" అంటారు. ఇంజను సిలిండరు అరిగితే బోరు చేయించాల్సి వస్తుంది, టైర్లు మార్చాలి, సామాన్లు దొరకవు అనేవన్నీ వాళ్లకీ తెలుసు. అవి చెప్పను. మునిగినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడ మునిగారో అది చెబుతాను.

పేరు మారకముందే స్పానర్ పట్టారు. అంతే.

ఎలా జరుగుతుందంటే, బండి కనపడగానే మనసు పోతుంది. అమ్మేవాడు పాత ఆర్సీ బుక్కు, సంతకాలు పెట్టిన రెండు ఖాళీ ఫారాలు చేతిలో పెడతాడు. ఓపెన్ పేపర్లంటే ఇవే. పేరు మార్పిడికి వాడే 29, 30 నంబరు ఫారాలు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోండి బాబూ, అన్నీ క్లియర్" అంటాడు. డబ్బులిచ్చేస్తారు. ఇంటికి తెచ్చిన రాత్రే ట్యాంకు ఊడదీస్తారు, వారానికి ఇంజను దించుతారు, నెలకి ఛాసిస్, అంటే బండి ఇనుప చట్రం, పెయింటింగ్‌కి పోతుంది. నట్లు బోల్టులు పెరుగు డబ్బాల్లో, మిగతా సామాను గోనెసంచుల్లో. ఆర్టీఏ ఆఫీసు గుర్తొచ్చేది ఆరు నెలల తర్వాత.

అప్పటికి ఒక్కొక్కటే బయటపడుతుంది. ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, తర్వాత ప్రతి 5 ఏళ్లకీ రెన్యువల్ చేయించాలి. రెన్యువల్‌కి బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. గోనెసంచిని నిలబెట్టలేరు. ఎలాగో బిగించి తీసుకెళ్తే ఆర్సీలో ఎరుపు, ట్యాంకు మీద నలుపు. ఇంజను వేరేది వేశారు కాబట్టి నంబరు కలవదు. ఛాసిస్ నంబరు మీద పెయింటర్ పుట్టీ దట్టించాడు, అక్షరాలు చదవరావు. సంతకం పెట్టిన మనిషికి ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు, ఒక్కోసారి మనిషే ఉండడు. ఫారాల మీద సంతకాలున్నా, అమ్మే మనిషి అందుబాటులో లేకపోతే ఈ రోజుల్లో పని ముందుకు కదలదు. తిరిగి ఇచ్చేద్దామంటే విప్పిన బండిని ఎవడూ తీసుకోడు. మీరు కొన్నది మోటారుసైకిలు, చేతిలో మిగిలింది ఇనుము.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ఆర్సీ మీ పేరుకి రాకముందు ఒక్క బోల్టు కూడా విప్పొద్దు.

"అసలు స్టార్టే కాని బండిని విప్పకుండా ఆఫీసుకి ఎలా తీసుకెళ్లాలి?" అని అడుగుతారు. నిజమే. దానికి నేను చెప్పేది, రెన్యువల్ అమ్మేవాడి పేరు మీదే ముందు చేయించమనండి. ఖర్చు మీరు పెట్టుకున్నా నష్టం లేదు. కొద్దిగా అడ్వాన్స్ ఇచ్చి, రెన్యువల్ అయ్యాక మిగతాది ఇస్తామని కాగితం రాసుకోండి. ప్లగ్గు, కార్బరేటర్ క్లీనింగ్, బ్రేకు షూలు, లైట్లు, హారన్ వరకు, అంటే నిలబడి నడిచేంత వరకు చేయించండి. అది రిపేరు. మీరు కలలు కంటున్న ప్రాజెక్టు ఇంకా మొదలవలేదు. రంగు జోలికి పోవద్దు, ఇంజను జోలికి పోవద్దు. అమ్మేవాడు ఈ షరతుకి ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో మీకు అప్పుడే తెలిసిపోయింది.

చట్టం లెక్క కూడా తెలుసుకోండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేయాలి. చేతులు ఎన్ని మారినా రికార్డులో ఎవరి పేరుంటే ఓనరు వాళ్లే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటప్పుడు మనకేంటి, పాత ఓనరు చూసుకుంటాడు అనుకోకండి. బండి నడిపింది మీరు, కేసు మీ మీదే. పైగా ఆ మాస్టారు మీ ఇంటికొచ్చి కూర్చుంటారు. ఆయన్ని చూస్తే మీకు అన్నం దిగదు.

కాగితాల దగ్గర ఇంకొంచెం ఆగుదాం, అసలు కథంతా ఇక్కడే.

మన రెండు రాష్ట్రాల్లో ఒక చిక్కు ఉంది. పాత బండ్లలో చాలావాటి మీద ఏపీ అనే ఉంటుంది. ఏపీ 09, ఏపీ 28 లాంటివి హైదరాబాద్, రంగారెడ్డి నంబర్లు, వాటి రికార్డు ఇప్పుడు తెలంగాణది. ఏపీ 16 అయితే కృష్ణా జిల్లా, అంటే పక్క రాష్ట్రం. హైదరాబాద్‌లో ఉంటూ ఏపీ 16 బండి కొంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని రాసిచ్చే 28 నంబరు ఫారం తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలో లేదో ఆఫీసులో అడగాలి. పాతిక వేల బండికి ఈ తిరుగుడు గిట్టుతుందో లేదో కొనకముందే లెక్క వేసుకోండి. 1989కి ముందరి మూడక్షరాల నంబర్ల బండ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటి వివరాలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కి ఉండవు. ముందు రికార్డు ఎక్కించాలి, ఆ తర్వాతే మిగతా పని. ఓపిక ఉంటేనే ముట్టుకోండి.

యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం వెతికేవాళ్లకి ఒక చిన్న పరీక్ష. ఆ మోడల్ 1996లో ఆగిపోయింది. ఆర్సీలో తయారీ సంవత్సరం 2001 అని ఉంటే అది ఆర్‌ఎక్స్ 100 కాదు, ట్యాంకు మీద ఏ స్టిక్కర్ ఉన్నా సరే. ఆర్‌ఎక్స్ 135 ఇంజనో, ఇంకోటో ఎక్కించి ఆ పేరుతో అమ్మేవాళ్లు బోలెడు. నిజంగా 1996 బండే అయితే 15 ఏళ్లు 2011లో నిండాయి. 2011లో, ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకీ రెన్యువల్ అయిన గుర్తు ఉండాలి. లేదంటే ఖర్చు మీది. 2022 ఏప్రిల్ నుంచి మోటారుసైకిల్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000కి పెరిగింది, ఆలస్యానికి నెలకి 300 చొప్పున అదనం. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన బండికి 2,000 చేశారు. నెలకి 300 అంటే రెండేళ్లు మర్చిపోతే 7,200.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే లోను తీరినట్టు లెటరు, 35 నంబరు ఫారం కావాలి. ఆ ఫైనాన్స్ కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటే ఆ బండి వదిలేయండి. ఓనరు చనిపోయి ఉంటే, ముందు వారసుల పేరుకి 31 నంబరు ఫారంతో మార్చాక వాళ్ల దగ్గర కొనాలి. "మా నాన్న బండి సార్, సంతకం నేను పెడతాను" అంటే కుదరదు. పోలీసు వేలంలో వచ్చిందంటే స్క్రాప్ కింద అమ్మారా, బండి కింద అమ్మారా చూడండి. స్క్రాప్ కింద అమ్మింది మళ్లీ రోడ్డెక్కదు.

ఛాసిస్ నంబరుని గుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో, వేలితో తడిమి చూడండి. ఫ్యాక్టరీ అక్షరాలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. చుట్టూ ఇనుము గీరి పలచబడినట్టున్నా, ఒక అంకె పైకి ఒకటి కిందికి ఉన్నా, అక్కడ మాత్రమే రంగు కొత్తగా ఉన్నా వెనక్కి తిరిగి వచ్చేయండి. దొంగబండి మీ పేరుకి మారదు, మీ పేరే స్టేషన్‌కి ఎక్కుతుంది.

ఇక బండి సంగతి. ఇది పెద్దగా చెప్పను, ఎందుకంటే కాగితం సరిగ్గా ఉంటే ఇనుముని ఎలాగో బాగు చేయొచ్చు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడి చేసి పెట్టాడంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టు అవడంలో ఏదో ఇబ్బంది ఉంది. కిక్కు మీద మెల్లగా బరువు వేయండి. కాసేపు ఎదురు నిలవకుండా మెత్తగా దిగిపోతే బోరు అరిగింది. బండిని స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, మధ్యలో టక్కున ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయింది, అది చిన్న ఖర్చే. హ్యాండిల్ కింద ఛాసిస్ మెడ దగ్గర వెల్డింగ్ గుర్తు ఉంటే మాత్రం చిన్న సంగతి కాదు, ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. ట్యాంకులోకి టార్చి వేయండి. తుప్పు పొరలు కనిపిస్తే కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. 80ల, 90ల బండ్లలో రబ్బరు పైపులు, కార్బరేటర్ రింగులు దాని కోసం చేసినవి కావు, ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కూడా. ప్రాజెక్టు బండంటేనే నెలల తరబడి నిలబడే బండి. నిలబెట్టేటప్పుడు ట్యాంకు, కార్బరేటర్ గిన్నె ఖాళీ చేయండి.

సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లినా, విజయవాడ ఆటోనగర్ వెళ్లినా పాత మోడళ్ల సామాన్లు దొరుకుతాయి. దొరికేదంతా ఒరిజినల్ కాదు. క్రేజు ఉన్న బండికి డూప్లికేట్లు గుట్టలుగా ఉంటాయి, క్రేజు లేని బండికి అవి కూడా ఉండవు. అందుకే మొదటి ప్రాజెక్టుకి రోడ్డు మీద ఇంకా కనపడే మోడలే మంచిదంటాను. పాత స్ప్లెండర్ అంటే కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, దాని సామాను మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. డబ్బు సంగతికొస్తే, బండి ధరకి రెండింతలు విడిగా లేకపోతే కొనొద్దు. ఈఎంఐ మీద ప్రాజెక్టు బండి అసలే వద్దు.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నాను, ఏది ముందు ఏది వెనక అని చూడొద్దు.

చూడ్డానికి రాత్రిపూట వెళ్లొద్దు.

డబ్బు చేతికివ్వొద్దు, ఖాతాకి పంపండి. ఆ ఖాతా ఆర్సీలో పేరున్న మనిషిదే అయి ఉండాలి. బ్రోకర్ ఖాతాకి వేశారంటే మీకు ఎవరూ ఏమీ అమ్మలేదు.

వెళ్లకముందే నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో ఆర్సీ స్థితి, ఇన్సూరెన్స్, పెండింగ్ చలాన్లు చూసుకోండి. నంబరు ఇవ్వనంటే ఆ బండి మాట మర్చిపోండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకి తగిలితే పరిహారం ఇచ్చేది) లేకుండా టెస్ట్ రైడ్ కూడా వద్దు. వీధి చివరి దాకానే అంటారు. మా పెద్దాయనకి బండి తగిలింది వీధి చివరే.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. పైన గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆ టైరు తీసేయండి.

బ్రేకు డ్రమ్ములోని దుమ్ముని గాలి పెట్టి ఊదొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

పెట్రోలు ట్యాంకుకి ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీగా ఉందని అసలు పెట్టొద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరే పేలేది.

ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, తర్వాత లైట్లు, తర్వాత ఇంజను. రంగు చివర. అందరూ రంగుతో మొదలుపెడతారు.

విప్పే ప్రతి దశకీ ఫోన్‌లో ఫోటో తీయండి. (ఎప్పుడు విప్పుతారు? పేరు మారాక.)

పేరు మారాక కూడా ఇంజను మార్చినా, రంగు మార్చినా ఆఫీసులో రాయించుకోండి.

ఫ్రెండు బండి, బావమరిది బండి, పక్కింటి అంకుల్ బండి అయినా ఇదే పద్ధతి. "మనవాళ్లే కదా, తర్వాత చూసుకుందాం" అనుకున్నవే నా షెడ్డులో రెండు మూలన పడున్నాయి. ఒకటి నాదే. పద్నాలుగేళ్ల కిందట చుట్టం దగ్గర కొన్నాను, ఆ రాత్రే విప్పాను. ఆయన పోయాడు, కొడుకులు వేరే దేశంలో ఉన్నారు. బండి ఇంకా గోనెసంచిలోనే ఉంది.

"రేపు ఇంకో పార్టీ వస్తున్నాడు" అంటే రానివ్వండి.

కొత్త ఆర్సీ వచ్చిందా? పేరు స్పెల్లింగు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు ఒక్కొక్క అక్షరం బండితో కలిపి చూడండి. కలిస్తే పదో నంబరు స్పానర్ తీయండి. బ్యాటరీ నెగటివ్ వైరు నుంచి మొదలుపెట్టండి.