ఎఫ్ఎం సింథ్ నేర్చుకుందాం – రెండో పాఠం: ఇత్తడి గంట

కిందటి పాఠంలో డెక్స్‌డ్ అనే సింథ్‌ను (కంప్యూటర్‌లో శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్) దించుకుని, తెర మీది కీబోర్డు నొక్కితే శబ్దం వచ్చేదాకా తెచ్చుకున్నాం. ఈసారి ఒక శబ్దాన్ని సున్నా నుంచి మన చేత్తో కడదాం. పూజ గంట.

బేగంబజార్‌లో కొన్న చిన్న ఇత్తడి గంట ఒకటి నా టేబుల్ మీద ఉంటుంది. రాత్రి రోడ్డు మీద హారన్లు సద్దుమణిగాక ఫ్యాన్ ఆపి, దాన్ని ఒక్కసారి మోగించి, పూర్తిగా ఆగేదాకా వింటాను. మొదట ఠంగుమని పదును. అది రెప్పపాటులో తగ్గిపోతుంది. తర్వాత మెత్తటి మోత ఒకటి మిగిలి, చాలాసేపు సాగి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగుతుంది. మీ ఇంట్లో గంట ఉంటే ముందు ఆ పని చేసి రండి. పదును ముందు పోవడం, మోత వెనక పోవడం: ఇవాళ మనం పట్టుకోవాల్సింది ఇదే.

దానికి ముందు ఎఫ్ఎం, అంటే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, ఏమిటో ఒక్క మాట. వీణ మీద స్వరాన్ని ఊపితే కంపితం అంటాం. సెకనుకు ఐదారు సార్లు ఊపితే ఆ ఊపు ఊపుగానే వినిపిస్తుంది. అదే ఊపు సెకనుకు వంద, రెండు వందల సార్లు పడితే? చెవి దాన్ని ఊపుగా పోల్చుకోలేదు, స్వరం నాదమే మారిపోయినట్టు వింటుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కంప్యూటర్ మీద వైబ్రాటో (స్వరం ఊపు) వేగం పెంచుకుంటూ పోయినప్పుడు విన్నది ఇదే. 1973లో ఆయన దాన్ని పత్రంగా రాశారు. యమహా లైసెన్సు తీసుకుని, 1983లో డీఎక్స్7 కీబోర్డును తెచ్చింది. మన డెక్స్‌డ్ ఆ కీబోర్డుకు సాఫ్ట్‌వేర్ రూపం, ఉచితం.

ఊగే స్వరం పేరు క్యారియర్, దాన్ని ఊపేది మాడ్యులేటర్. స్పీకర్లోంచి వచ్చేది క్యారియరే. మాడ్యులేటర్ తనంతట తాను వినిపించదు, క్యారియర్‌ను మార్చడమే దాని పని.

ఇప్పుడు డెక్స్‌డ్ తెరవండి. వాల్యూమ్ తగ్గించి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎఫ్ఎంలో ఒక్క నాబ్ తిప్పితే శబ్దం చెవిలో గుచ్చుకునేంత పదునెక్కుతుంది. వైరుతో వచ్చే మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. ఇనిట్ బటన్ నొక్కండి. డెక్స్‌డ్‌లో స్వరాన్ని పుట్టించే ఒక్కో భాగం పేరు ఆపరేటర్, అది క్యారియర్ కావచ్చు, మాడ్యులేటర్ కావచ్చు. ఆరు ఆపరేటర్లలో మొదటిది ఒక్కటే పలుకుతుంది, మిగతా ఐదింటి అవుట్‌పుట్ లెవెల్ సున్నా. ఆల్గారిథమ్ (ఏ ఆపరేటర్ దేన్ని ఊపాలో చెప్పే అమరిక) 1 ఉంటుంది, అంటే ఆపరేటర్ 2 వెళ్లి ఆపరేటర్ 1ని ఊపుతుంది. మనకు ఈ రెండే కావాలి. మిగతా నాలుగింటి జోలికి ఇవాళ వెళ్లొద్దు. ఆరింటినీ ఒకేసారి తిప్పుతూ కూర్చుని విసుగొచ్చి వదిలేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. రెండింటితో చెవి తయారైతే ఆరు కష్టం కాదు.

ఒక కీ నొక్కి పట్టుకుని, ఆపరేటర్ 2 లెవెల్‌ను సున్నా నుంచి మెల్లగా పైకి తీసుకెళ్లండి. మొదట మార్పు తెలియదు. యాభై దాటాక శబ్దానికి అంచు వస్తుంది, ఎనభై దగ్గర ఇత్తడి బాకాలా మెరుస్తుంది, తొంభై దాటితే గీరుతుంది. వేరే సింథుల్లో ఈ మెరుపును ఫిల్టర్‌తో తగ్గించి పెంచుతాం. ఇక్కడ ఫిల్టర్ లేదు, మెరుపంతా మాడ్యులేటర్ లెవెల్‌లోనే ఉంది. ఈ ఒక్కటీ చేతికి అలవాటయ్యేదాకా తిప్పండి, పది నిమిషాలు పట్టినా పర్లేదు.

ఇక రేషియో, అంటే నొక్కిన కీ స్వరానికి ఆపరేటర్ స్వరం ఎన్ని రెట్లో చెప్పే అంకె. ఇప్పుడు రెండూ 1 మీద ఉన్నాయి. క్యారియర్ 200 హెర్ట్జ్ అనుకుంటే మాడ్యులేటర్ కూడా 200. పుట్టే స్వరాలు 200, 400, 600... అన్నీ 200కి గుణిజాలే కాబట్టి శ్రుతిగా వినిపిస్తుంది. మాడ్యులేటర్‌ను 2 చేయండి: 200, 600, 1000, బేసి గుణిజాలు మాత్రమే. క్లారినెట్‌లా బోలుగా ఉంటుంది. ఇప్పుడు కోర్స్‌ను (రేషియోను పూర్ణాంకాల్లో మార్చే నాబ్) మళ్లీ 1కి తెచ్చి, ఫైన్‌ను (మధ్య అంకెలకు జరిపే నాబ్) 40 చేయండి. రేషియో 1.4. మాడ్యులేటర్ 280 అయింది. 200కి 280 కలిపితే 480, ఇంకోసారి కలిపితే 760. తీసేస్తే మైనస్ 80, అంటే చెవికి 80. ఇంకోసారి తీసేస్తే 360. 80, 200, 360, 480, 760: ఇవి 200కి గుణిజాల వరసలో పడవు. లోహం మోగినట్టు అనిపించేది అందుకే. చౌనింగ్ గంట కోసం వాడిన రేషియో కూడా ఇదే.

ఫైన్ నాబ్‌తో చాలామంది తికమక పడతారు. అది కూడిక కాదు, శాతం. కోర్స్ 2, ఫైన్ 75 పెడితే 2.75 రాదు, 2కి 75 శాతం కలిసి 3.5 వస్తుంది.

శబ్దం లోహంలా ఉంది కానీ ఇంకా గంట కాలేదు. హార్మోనియం బెల్లోస్ నొక్కి పట్టుకున్నట్టు ఒకే తీరుగా సాగుతోంది. ఇక్కడ ఎన్వలప్ కావాలి, అంటే శబ్దం ఎలా లేచి ఎలా వాలాలో చెప్పే అమరిక. ప్రతి ఆపరేటర్‌కూ నాలుగు రేట్లు, నాలుగు లెవెల్స్ ఉంటాయి. లెవెల్ చేరాల్సిన ఎత్తు, రేటు అక్కడికి చేరే వేగం. రేటు అంకె పెద్దదైతే వేగం, చిన్నదైతే నిదానం.

ఆపరేటర్ 1లో రెండో లెవెల్, మూడో లెవెల్ సున్నా చేయండి. రెండో రేటు 35, నాలుగో రేటు 35. కీ నొక్కగానే పైకి లేచి, నిదానంగా వాలుతుంది. కీ వదిలాక కూడా గంట మోగుతూ ఉండటానికే ఆ నాలుగో రేటు.

ఆపరేటర్ 2లోనూ అవే రెండు లెవెల్స్ సున్నా, రెండో రేటు, నాలుగో రేటు మాత్రం 45. అవుట్‌పుట్ లెవెల్ 82. నొక్కండి.

మాడ్యులేటర్ ముందు వాలిపోయింది కాబట్టి పదును ముందు పోయింది. క్యారియర్ ఇంకా మోగుతోంది, ఆ మెత్తటి మోత అదే. ఇప్పుడు 45ను 35 చేసి వినండి: పదును చివరిదాకా అంటిపెట్టుకుని రేకుడబ్బాలా తయారవుతుంది. మళ్లీ 45కి తెస్తే ప్రాణం వస్తుంది. మీ గంటను ఒకసారి మోగించి, దీన్ని ఒకసారి నొక్కి, రెండింటినీ పక్కపక్కన వింటూ ఈ అంకెను అటూ ఇటూ రెండేసి జరపండి. నా గంటకు 48 దగ్గర కుదిరింది, మీదానికి వేరే అంకె కుదరొచ్చు.

కంప్యూటర్‌కు తగిలించే మిడి కీబోర్డు ఉన్నవాళ్లు ఆపరేటర్ 2 వెలాసిటీ సెన్సిటివిటీని 5 చేయండి. గట్టిగా నొక్కితే మాడ్యులేటర్ లెవెల్ పెరుగుతుంది, అంటే శబ్దం పెద్దదవడం కాదు, పదునెక్కుతుంది. గంటను వేలితో తట్టడానికీ, గట్టిగా ఊపి మోగించడానికీ ఉన్న తేడా ఇది.

ఈ వారం అభ్యాసం రెండు. ఒకటి, ఇదే ప్యాచ్‌ను (ఇప్పుడు కట్టిన శబ్దాన్ని) రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కింద వాయించి, రేట్లు ఇంకా తగ్గించి, గుడి గంటంత పెద్దది చేయండి. రెండోది, ఇరానీ హోటల్లో కప్పును సాసర్ మీద పెట్టిన చప్పుడు. మాడ్యులేటర్ రేషియో 3.5, క్యారియర్ రేటు 65, మాడ్యులేటర్ రేటు 75తో మొదలుపెట్టి, పై స్థాయి కీలు నొక్కండి. దొరికిన ప్రతి శబ్దాన్నీ స్టోర్ నొక్కి పేరు పెట్టి దాచుకోండి, ఎందుకంటే వచ్చే పాఠంలో ఆల్గారిథమ్ 5కి వెళ్లి, రేషియో 14 ఉన్న మాడ్యులేటర్‌తో ఎలక్ట్రిక్ పియానో కట్టేటప్పుడు దాని మొదటి టక్కు కోసం ఈ కప్పు చప్పుడు దగ్గరికే తిరిగి వస్తాం.